హృదయానికి రక్షణ, రక్షణకు నిగ్రహం

మానవ దేహంలోని అవయవాలన్నింటిలోనూ శత్రువుతో పోరాడడానికి అత్యంత అననుకూలమైన క్షేత్రం హృదయం. కాలేయంలో కొంతభాగం నశిస్తే మిగిలిన భాగం పెరిగి ఆ లోటును పూడ్చుకుంటుంది. చర్మమూ, పేగుల లోపొరా నిరంతరం రాలిపోతూ నిరంతరం కొత్తగా పుడుతూనే ఉంటాయి. హృదయ కండరానికి ఆ వెసులుబాటు లేదు. అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలో చేరిన కర్బనం-14 జాడను కణాలలో కొలిచి, పాతికేళ్ల యువకుడిలో సైతం ఏడాదికి సుమారు 1 శాతం హృత్కండర కణాలు మాత్రమే కొత్తవిగా మారతాయనీ, వార్ధక్యంలో ఆ స్వల్ప పునరుత్పత్తి కూడా సగానికి పడిపోతుందనీ 2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. రోజుకు లక్షసార్లు ముడుచుకొని విచ్చుకొనే ఈ అవయవానికి గాయం మానేదాకా విశ్రమించే అవకాశమూ లేదు. కనుక వైరస్ హృత్కండరంలో ప్రవేశించినప్పుడు రోగనిరోధక వ్యవస్థ ఒక ధర్మసంకటంలో పడుతుంది: సోకిన కణాన్ని ఉపేక్షిస్తే అందులో వైరస్ వృద్ధిచెంది పొరుగు కణాలకు పాకుతుంది, సోకిన కణాన్ని వధిస్తే ఆ స్థానంలో మచ్చ మిగులుతుందే గాని కండరం మళ్లీ మొలవదు. ఈ సంకటాన్ని దేహం ఏ విధంగా దాటుతున్నదో గ్రహించడానికి వైద్యశాస్త్రానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. అందులో చివరి యాభై ఏళ్లలో పెద్దభాగం, చేతికందిన రెండు అర్ధసత్యాలు పరస్పర విరుద్ధాలన్న భ్రమలోనే గడిచిపోయింది.

నెపోలియన్ వైద్యుడు ఝాఁ నికొలా కోర్విసార్ 1806లో హృద్రోగాలపై ప్రచురించిన గ్రంథంలో హృదయ శోథాన్ని ప్రస్తావించాడు. 1837లో జోసెఫ్ ఫ్రీడ్రిఖ్ సోబర్న్‌హైమ్ అనే జర్మన్ వైద్యుడు హృత్కండర శోథానికి ‘మయోకార్డైటిస్’ అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. పేరు పుట్టింది గాని ఆ పేరు కింద ఏ రోగం చేరాలో, ఏది చేరకూడదో నిర్ణయించే సాధనాలు ఆనాటికి లేవు. డిఫ్తీరియా, టైఫాయిడ్, కీళ్లవాత జ్వరం వంటివాటిలో గుండె దెబ్బతినడం వైద్యులు చూస్తూనే ఉన్నారు; ఆ రోగాలలో దేనికీ చెందని మరణాలూ కొన్ని కనబడుతూ వచ్చాయి. 1899లో డ్రెస్డెన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫీడ్లర్ అలాంటి రోగుల గుండెలను పరీక్షించి, కండర తంతువుల నడుమ తెల్లరక్తకణాలు కిక్కిరిసి ఉండడాన్ని వర్ణించి, ఇతర అవయవాలను వదిలి హృదయాన్నే ఆశ్రయించే అంటురోగం ఏదో ఉండి ఉంటుందని ఊహించాడు. ఆ రోగక్రిమి సూక్ష్మదర్శినిలో ఆయనకు కనబడలేదు.

కనబడకపోవడానికి కారణం అప్పటికి ఒక ఏడాది ముందే అదే జర్మనీలో మరో దారిలో వెల్లడయింది. 1898లో లోఫ్లర్, ఫ్రోష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువుల గాలికుంటు వ్యాధిని పరిశీలిస్తూ, బాక్టీరియాలన్నింటినీ ఆపగల వడపోత గుండా కూడా ఆ రోగకారకం సాగిపోతున్నదని నిరూపించారు. జంతువులలో కనుగొన్న మొట్టమొదటి వైరస్ అది. మన పల్లెల్లో గాలికుంటు అనగానే ఎద్దు నోట చొంగ, గిట్టల నడుమ పుండ్లు జ్ఞాపకం వస్తాయి. లేగదూడలలో మాత్రం అది గుండె కండరాన్నే కాటు వేసి, చారలు చారలుగా పాలిపోయేటట్టు చేసి, హఠాత్తుగా ప్రాణం తీస్తుంది. పశువైద్యులు ఆ చారల గుండెను పులిగుండె అన్నారు. ఫీడ్లర్ వెదికిన అదృశ్య శత్రువుకు దగ్గరి బంధువు అప్పటికే పశువైద్యుల చేత చిక్కి ఉన్నదన్నమాట. మనుష్య వైద్యమూ, పశువైద్యమూ ఒకదాని గ్రంథాలను మరొకటి చదివే అలవాటు ఇంకొంత బలంగా ఉండి ఉంటే ఆ తరువాతి అర్ధశతాబ్దం ఇంత ఎడారిగా గడిచేది కాదేమో.

1903లో జపాన్ నుంచి మార్‌బుర్గ్ నగరానికి వచ్చిన సునావో తవారాకు ఆయన ఆచార్యుడు లుడ్విగ్ అషాఫ్ అప్పగించిన పని ఈ శోథాన్ని వెదకడమే. గుండె విఫలమవడానికి మూలం హృత్కండర శోథమేనన్న అభిప్రాయం ఆనాడు ప్రబలంగా ఉండేది. తవారా అనేక హృదయాలను పలుచని పొరలుగా కోసి, ఓపికగా పరిశీలించి, ఆ అభిప్రాయానికి తగిన సాక్ష్యం కానరావడం లేదని గ్రహించాడు. అయితే ఆ వెదుకులాటలోనే, గుండె పై గదులకూ కింది గదులకూ మధ్య ఒక చిన్న కణజాలపు ముడి ఆయన కంటబడింది. పై గదులలో పుట్టిన స్పందనను క్షణకాలం ఆపి, కిందికి అందించే ఆ ముడిని, దాని నుంచి శాఖోపశాఖలుగా వ్యాపించే తంతువులను 1906లో ఆయన ఒక గ్రంథంగా వర్ణించాడు. హృదయ విద్యుత్ ప్రసరణ శాస్త్రానికి పునాది ఆ గ్రంథం. వెదకబోయిన శోథం మాత్రం ఆయనకు అక్కరకు రాని విషయంగా మిగిలిపోయింది.

ఆ తరువాతి మూడు దశాబ్దాలు మయోకార్డైటిస్ అనే మాటకు గౌరవం తెచ్చినవి కావు. వయసు మళ్లినవారి గుండె నీరసించడానికి కారణం తెలియనప్పుడల్లా వైద్యులు దీర్ఘకాలిక మయోకార్డైటిస్ అని రాసి ఊరుకునేవారు. 1912లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ హృదయ ధమనిలో రక్తం గడ్డకట్టడాన్ని గురించి రాసినది క్రమంగా ప్రచారంలోకి వచ్చాక, అంతకుముందు శోథంగా భావించిన వాటిలో అధికభాగం ధమనుల వ్యాధి అని తేలింది. సరైన దిద్దుబాటే అయినా, మితిమీరి వాడిన మాటను మితిమీరి బహిష్కరించడం కూడా జరిగి, నిజంగా శోథం వచ్చిన రోగులను సైతం పట్టించుకోని రోజులు కొన్ని వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు సైనికుల శవపరీక్షలే ఆ మాటను మళ్లీ నిలబెట్టాయి. 1947లో అమెరికా సైనిక రోగనిదాన సంస్థలో ఐరా గోర్, ఓటో సఫీర్ 1402 మంది మయోకార్డైటిస్ రోగులను వర్గీకరించి ప్రచురించిన వ్యాసం, యువకుల గుండెలు సైతం శోథానికి గురవుతాయన్న సంగతిని ఎవరూ కాదనలేని విధంగా స్థాపించింది.

ఈ లోపల రోగనిరోధక శాస్త్రం తన దారిన తాను ఎదిగింది. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ పారదర్శకమైన నక్షత్ర చేప పిల్లలలోకి ముల్లు గుచ్చి, దాని చుట్టూ సంచార కణాలు మూగడం చూసి, దేహరక్షణకు కణాలే ఆధారమన్నాడు. పాల్ ఎర్లిఖ్ రక్తద్రవంలోని ప్రతిరక్షకాలను ఆధారం చేసుకున్నాడు. ఇద్దరికీ కలిపి 1908లో నోబెల్ బహుమతి లభించింది. ఎర్లిఖ్ ఇంకొక సూత్రం కూడా ప్రతిపాదించాడు: దేహం తన కణజాలంపై తానే విషం ప్రయోగించుకోవడానికి జంకుతుంది, అందుకు తగిన కట్టుబాట్లు దానిలోనే ఉంటాయి. ఆ కట్టుబాట్లు ఎప్పుడైనా తెగవచ్చునన్న అవకాశాన్ని ఎర్లిఖ్ తోసిపుచ్చలేదు. ఆయన తరువాతి తరాలే ఆ సూత్రాన్ని అలంఘ్యమైన శాసనంగా చదివి, స్వీయ కణజాలంపై దాడి అసంభవమని చాలాకాలం నమ్మాయి.

హృదయాన్ని ఆశ్రయించే వైరస్ మొదట దొరికింది ఒక వానరంలో. 1945లో ఫ్లారిడాలో మయోకార్డైటిస్‌తో మరణించిన గిబ్బన్ నుంచి వేరుచేసిన ఆ వైరస్‌ను ఇప్పుడు ఎన్సెఫలోమయోకార్డైటిస్ వైరస్ అంటారు. మనుషులకు సంబంధించిన ఆవిష్కారం మూడేళ్ల తరువాత వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న కాక్సాకీ అనే చిన్న ఊరిలో పోలియోను పోలిన జబ్బు వచ్చిన పిల్లల మలం నుంచి గిల్బర్ట్ డాల్‌డార్ఫ్, గ్రేస్ సికిల్స్ కొత్త వైరస్‌ను వేరుచేసి 1948లో ప్రకటించారు. వారు ఎంచుకున్న సాధనం ఇక్కడ గమనార్హం: ఎదిగిన ఎలుకలను ఆ వైరస్ అంతగా బాధించదు, పాలు మరవని చిట్టెలుక పిల్లలను మాత్రం చంపుతుంది. రోగక్రిమి ఒకటే అయినా శైశవంలో మారకమై, యౌవనంలో నిర్వీర్యమవుతున్నదంటే, ఆ రెంటి నడుమ దేహంలో ఏదో రక్షణ సిద్ధమవుతున్నదని అర్థం. ప్రశ్న అక్కడే, ఆ ప్రయోగపు పద్ధతిలోనే దాగి ఉన్నా, దానిని ప్రశ్నగా అడగడానికి మరికొంత కాలం పట్టింది.

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లోనూ, అప్పటి దక్షిణ రొడీషియాలోనూ ప్రసూతి గృహాలలో అప్పుడే పుట్టిన శిశువులు వరుసగా హృత్కండర శోథంతో జబ్బుపడిన వృత్తాంతాలు 1955, 1956 సంవత్సరాల్లో ప్రచురితమయ్యాయి. కాక్సాకీ బి వర్గపు వైరస్ అందుకు కారణమని తేలింది. ఎలుక పిల్లల విషయంలో చూసినదే మానవ శిశువుల విషయంలోనూ నిజమని ఆ విషాదం తెలిపింది. గర్భంలో ఉండగా తల్లి రక్తం నుంచి బిడ్డకు ప్రతిరక్షకాలు సంక్రమిస్తాయి. తల్లికి ఆ వైరస్ ఎన్నడూ సోకి ఉండకపోతే, లేక ప్రసవానికి అతి సమీపకాలంలో సోకితే, బిడ్డ ఆ కవచం లేకుండానే పుడుతుంది. అదే వైరస్ పెద్దవారిలో చాలామందికి జలుబు పాటి జ్వరంతో సరిపోతుంది.

రక్షణ ఉన్నదనడానికి అన్నింటికంటే స్పష్టమైన సాక్ష్యం 1956లో ఎడ్విన్ కిల్‌బర్న్, ఆయన సహచరులు సమకూర్చారు. కార్టిజోన్ అప్పటికి వైద్యలోకానికి కొత్తగా అందిన అద్భుత ఔషధం; శోథం ఎక్కడ కనబడితే అక్కడ దానిని వాడాలన్న ఉత్సాహం వెల్లువెత్తిన రోజులవి. కిల్‌బర్న్ బృందం ఎదిగిన ఎలుకలకు కాక్సాకీ వైరస్‌తోపాటు కార్టిజోన్ ఇచ్చినప్పుడు, అంతవరకూ తట్టుకుని నిలబడగలిగిన ఆ జంతువుల గుండెలలో కంటికి కనిపించేంత పెద్ద గాయాలు ఏర్పడ్డాయి. శోథాన్ని అణచబోతే వైరస్ విజృంభించింది. మరుసటి ఏడాదే లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధనా సంస్థలో ఆలిక్ ఐజాక్స్, ఝాఁ లిండెన్‌మన్ వైరస్ సోకిన కణాలు ఒక పదార్థాన్ని విడుదల చేసి పొరుగు కణాలను వైరస్‌కు లొంగకుండా చేస్తాయని కనుగొని, దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరుపెట్టారు. సోకిన కణం తాను బతకలేకపోయినా, ఇరుగుపొరుగును మేల్కొలిపి పోతుందన్నమాట. హృదయానికి ఇంతకంటే అనువైన రక్షణ ఉండదు. ఏ కణాన్నీ చంపకుండానే వైరస్ దారి మూయడం ఇక్కడ జరుగుతున్నది.

ఇక్కడి నుంచి కథ ఎదురు తిరిగింది. 1961లో లండన్‌లో పనిచేస్తున్న జాక్ మిల్లర్, ఛాతీలో గుండెకు ముందు భాగాన ఉండే థైమస్ గ్రంథి వ్యర్థావయవం కాదనీ, దానిని పుట్టిన వెంటనే తొలగిస్తే ఎలుక రోగనిరోధక శక్తిని కోల్పోతుందనీ చూపాడు. టి లింఫోసైట్లు అని తరువాత పేరుపడిన కణాలు తయారయ్యేది అక్కడే. ఈ కొత్త జ్ఞానాన్ని హృదయానికి అన్వయించినవారు జాక్ వుడ్రఫ్, జూడిత్ వుడ్రఫ్. జాక్ వుడ్రఫ్ అంతకుముందు కిల్‌బర్న్‌తో కలిసి, అర్ధాకలితో పెరిగిన ఎలుకలను కాక్సాకీ వైరస్ ఎంత తీవ్రంగా దెబ్బతీస్తుందో చూపినవాడే. రక్షణ సన్నగిల్లితే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. అయినా 1974లో వారిద్దరూ టి కణాలను తొలగించిన ఎలుకలకు కాక్సాకీ బి3 వైరస్ సోకించినప్పుడు, వాటి గుండెలు మామూలు ఎలుకల గుండెల కంటే తక్కువగా దెబ్బతిన్నాయి. గుండెను గాయపరుస్తున్నది వైరస్ ఒక్కటే కాదనీ, దానిని వెంటాడుతూ వచ్చిన రక్షకదళానికి కూడా ఆ గాయంలో వాటా ఉన్నదనీ ఆ ఫలితం చాటింది.

ఆ ఫలితం నిజం. ప్రయోగం నిర్దుష్టం. తరువాతి పాతికేళ్లు దానికి ఇచ్చిన వ్యాఖ్యానంలోనే తూకం తప్పింది. రోగనిరోధక శక్తిని నేరస్థుడిగా నిలబెట్టే సాక్ష్యాలు వరుసగా వచ్చి చేరాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో నోయెల్ రోజ్ బృందం, కొన్ని జాతుల ఎలుకలలో వైరస్ మాయమైన తరువాత కూడా శోథం వారాల తరబడి కొనసాగుతున్నదనీ, అప్పుడు ఎలుక రక్తంలో హృదయ మయోసిన్ అనే సొంత ప్రోటీన్‌పై ప్రతిరక్షకాలు కనబడుతున్నాయనీ గమనించింది. 1987లో వారు వైరస్ ప్రసక్తే లేకుండా, మయోసిన్‌ను మాత్రమే ఎక్కించి అదే శోథాన్ని కలిగించగలిగారు. ఎర్లిఖ్ చెప్పిన జంకు హృదయం విషయంలో ఎందుకు సడలుతున్నదో 2011లో బోస్టన్ శాస్త్రజ్ఞులు కొంతవరకు వివరించారు. థైమస్‌లో శిక్షణ పొందే టి కణాలకు దేహంలోని ప్రోటీన్లను చూపి, వీటిని ముట్టవద్దని నేర్పడం, నేర్వని కణాలను అక్కడే తొలగించడం జరుగుతుంది. ఆల్ఫా మయోసిన్ అనే హృదయ ప్రోటీన్ మాత్రం ఆ పాఠశాలలో కనబడదు. గుండె కండరం చిట్లి ఆ ప్రోటీన్ బయటపడినప్పుడు, దానిని ఎన్నడూ చూడని కణాలు పరాయిదిగా భావించే ప్రమాదం అక్కడ ఉంది.

ప్రయోగశాలలో బలపడిన ఈ అభిప్రాయం ఆసుపత్రికి సులభంగానే చేరింది. 1962లో జపాన్ వైద్యులు సకాకిబారా, కొన్నో రక్తనాళం గుండా గుండెలోకి పంపి చిటికెడు కండరాన్ని తుంచి తేగల పరికరాన్ని తయారుచేశారు. రోగి బతికుండగానే గుండె ముక్కను సూక్ష్మదర్శిని కింద చూడడం సాధ్యమయింది. 1986లో అమెరికాలోని డాలస్‌లో సమావేశమైన రోగనిదాన నిపుణులు ఏది శోథం, ఏది కాదు అన్నదానికి ప్రమాణాలు నిర్ణయించారు. శోథమే శత్రువైతే దాన్ని అణచే మందులే ఔషధం కావాలి. 1995లో జే మేసన్ నాయకత్వంలో ప్రచురితమైన పరీక్షలో 111 మంది రోగులను చేర్చి, కొందరికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇచ్చి, మరికొందరికి ఇవ్వకుండా పోల్చారు. ఉభయులకూ ఫలితం ఒకటే అయింది. అణచివేత వల్ల గుండె బలం గాని, ఆయుష్షు గాని పెరగలేదు. ఆ పరీక్షను తక్కువ చేయడం అన్యాయం: అది నిజాయితీగా జరిగి, నిరాశను నిరాశగానే ప్రకటించింది. అయితే అందులో చేర్చిన రోగుల గుండెలలో వైరస్ ఇంకా ఉన్నదో లేదో వేరుచేసి చూసే ఏర్పాటు లేకపోవడం వల్ల, రక్షణ అవసరమైనవారూ, రక్షణ అతి అయినవారూ ఒకే గంపలో పడ్డారు. 1986లో లండన్‌లో బౌల్స్ బృందం, మరుసటి ఏడాది జర్మనీలో కాండోల్ఫ్ బృందం రోగుల హృదయ కణజాలంలో కాక్సాకీ వంటి ఎంటిరోవైరస్‌ల జన్యుపదార్థాన్ని గుర్తించే పద్ధతులు అప్పటికే చూపించి ఉన్నా, అవి ఇంకా సాధారణ వైద్యంలోకి దిగిరాలేదు.

రెండు అర్ధసత్యాలనూ ఒకచోటికి చేర్చినది 1990ల చివరి నుంచి సాగిన కృషి. వైరస్ నిరపరాధి కాదని 1999లో తిరిగి రుజువయింది: కండర కణానికి లోపలి నుంచి దన్నుగా నిలిచే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్‌ను కాక్సాకీ వైరస్ తన ప్రోటీయేజ్ 2ఏ అనే కత్తెరతో స్వయంగా తెగ్గొడుతుందని బాడోర్ఫ్, నోల్టన్ ప్రభృతులు చూపారు. దానిని అరికట్టకుండా వదలడం గుండెకు క్షేమం కాదు. మరోవంక 1998లో వెలువడిన ఒక అధ్యయనం మరింత సూక్ష్మమైన సంగతి బయటపెట్టింది. టి కణాలు ఎదుటి కణానికి రంధ్రం పొడిచి చంపడానికి వాడే పెర్ఫోరిన్ అనే ఆయుధం లేని ఎలుకలలో గుండె గాయం తగ్గింది. వైరస్ నిర్మూలన మాత్రం ఏమీ ఆలస్యం కాలేదు. వైరస్‌ను తొలగించడం, సోకిన కణాన్ని చంపడం రెండూ ఒకే పని అన్న పాత భావన ఇక్కడ వీగిపోయింది. మొదటి పనిని ప్రధానంగా చేసేవి వేరే ఉన్నాయి: ప్రతిరక్షకాలు, ఇంటర్‌ఫెరాన్లు, సహజ హంతక కణాలు. ప్రతిరక్షకాలు తయారుచేసే బి కణాలు లేని ఎలుకలు కాక్సాకీ వైరస్‌ను ఎన్నటికీ వదిలించుకోలేకపోయాయి. సహజ హంతక కణాలను ముందుగానే తొలగించిన ఎలుకలలో వైరస్ పెరిగి, గాయమూ పెరిగిందని 1986లోనే గోడెనీ, గాంట్ చూపి ఉన్నారు. ఇంటర్‌ఫెరాన్ బీటా లేని ఎలుకలు అదే వైరస్‌కు ఇతర ఎలుకల కంటే తేలికగా బలయ్యాయని 2004లో తెలిసింది.

ఇంకొక జత ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే దేహం చేసే విచక్షణ మరింత విశదమవుతుంది. వైరస్ జాడ పసిగట్టే టోల్ గ్రాహకాలలో మూడవది లేని ఎలుకలు కాక్సాకీ వైరస్‌కు త్వరగా లొంగిపోయాయని 2008లో టోక్యో నుంచి వార్త వచ్చింది. అదే గ్రాహకాల కుటుంబంలో అత్యధికం తమ సందేశాన్ని కణంలోకి పంపేందుకు వాడే మైడ్-88 అనే వార్తాహరుడు లేని ఎలుకలు, అందుకు విరుద్ధంగా, మెరుగ్గా బతికాయని 2005లో టొరంటో నుంచి పీటర్ లియూ బృందం తెలియజేసి ఉన్నది. ఒక మార్గం ఇంటర్‌ఫెరాన్ వైపు, మరో మార్గం విచ్చలవిడి శోథం వైపు మొగ్గుతాయి. రోగనిరోధక శక్తి మంచిదా చెడ్డదా అన్న పాత ప్రశ్నకు ఈ రెండు ఫలితాల తరువాత అర్థం లేకుండా పోయింది. ఏ మార్గం, ఏ సమయంలో, ఎంతసేపు అన్నవే మిగిలిన ప్రశ్నలు. ఎలుకలో వైరస్ మొదటి కొద్దిరోజుల్లోనే శిఖరానికి చేరుతుంది. శోథం వారం పది రోజులకు గాని ముదరదు. కిల్‌బర్న్ మందు ఇచ్చినది మొదటి ఘట్టంలో, వుడ్రఫ్ దంపతులు కొలిచినది రెండవ ఘట్టంలో జరిగే నష్టాన్ని. ఇద్దరూ చూసినది సత్యమే.

ఆహారానికి కూడా ఈ కథలో భాగం ఉన్నది. వుడ్రఫ్, కిల్‌బర్న్ అర్ధాకలి ఎలుకలలో చూసినదానికి చైనా నుంచి ఒక గంభీరమైన సమర్థన వచ్చింది. ఈశాన్య చైనాలోని కేషాన్ జిల్లాలో 1935లో బయటపడి ఆ జిల్లా పేరే తెచ్చుకున్న హృత్కండర వ్యాధి, నేలలో సెలీనియం తక్కువగా ఉన్న ప్రాంతాలలో పిల్లలనూ, సంతానం కనే వయసులోని స్త్రీలనూ బలిగొన్నది. 1970లలో సెలీనియం మాత్రలు పంచినప్పుడు వ్యాధి తగ్గింది గాని, ఋతువును బట్టి హెచ్చుతగ్గులు కనబడడం ఒక అంటుక్రిమిని కూడా సూచించింది. మెలిండా బెక్ 1995లో ఆ చిక్కు విప్పింది. గుండెకు హాని చేయని ఒక కాక్సాకీ బి3 వైరస్ సెలీనియం కొరవడిన ఎలుకలలో పెరిగేటప్పుడు జన్యుమార్పులు పొంది హానికరంగా మారింది. ఆ మారిన వైరస్ చక్కగా పోషణ పొందిన ఎలుకలను కూడా దెబ్బతీసింది. పోషణ లేని దేహం తనను తాను కాపాడుకోలేకపోవడమే గాక, పొరుగువారి శత్రువుకు కూడా సాన పట్టి పంపుతుందన్న ఈ సత్యాన్ని ప్రజారోగ్య విధానాలు రూపొందించేవారు తగినంతగా స్మరించడం లేదని నా అభిప్రాయం.

దాడిని ఆరంభించే శక్తుల కంటే ఆపే శక్తులు ఆలస్యంగా వెలుగులోకి వచ్చాయి. 1995లో షిమోన్ సకాగుచీ, తోటి టి కణాలను అదుపులో ఉంచే నియంత్రక టి కణాలను గుర్తించాడు. చాలాకాలం ఆ భావననే అనేకులు శంకించారు. 2025లో ఆయనకు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఆ నియంత్రక కణాలను ముందుగా ఎక్కించిన ఎలుకలను కాక్సాకీ వైరస్ అంతగా గాయపరచలేకపోయిందని 2010లో టొరంటోలో పీటర్ లియూ బృందమే కనుగొన్నది. క్యోటోలో తసుకు హోంజో బృందం కనుగొన్న పీడీ-1 అనే మరో కళ్లెం సంగతి ఇంకా విస్మయకరం. 2001లో వారు ఆ కళ్లెం లేని ఎలుకలను పెంచినప్పుడు, ఒక జాతిలో ఏ వైరస్ సోకకుండానే గుండెలు సాగిపోయి విఫలమయ్యాయి. అంటే హృదయం ప్రశాంతంగా ఉండడం వెనుక, ఎవరూ చూడని ఒక ఎడతెగని నియంత్రణ పనిచేస్తూ ఉంటుంది. ఎలుకలకే పరిమితమనుకున్న ఆ సంగతి 2016లో మనుషులలోనూ రుజువయింది. క్యాన్సర్‌పై టి కణాలను ఉసిగొల్పేందుకు పీడీ-1 కళ్లేన్నీ, దాని తోడుగా మరో కళ్లేన్నీ తొలగించే మందులు తీసుకున్న ఇద్దరు రోగులు కొద్దిరోజుల్లోనే తీవ్రమైన హృత్కండర శోథంతో మరణించారు. వారి గుండెలలో టి కణాలూ, మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలూ నిండి ఉన్నాయి. లక్షలమందికి ఆయుష్షు పోసిన ఆ చికిత్సకు ఇది అరుదైన ప్రమాదమే అయినా, హృదయం ఏ దారానికి వేలాడుతున్నదో అది చూపింది.

వైద్యం ఈ జ్ఞానాన్ని అందుకోవడానికి చేసిన ప్రయత్నాలు వినయంగా, ఇంకా అసంపూర్ణంగా ఉన్నాయి. 2003లో బెర్లిన్‌లో ఊవే క్యూల్ బృందం హృదయంలో వైరస్ నిలిచిపోయిన 22 మంది రోగులకు ఇంటర్‌ఫెరాన్ బీటా ఇచ్చి వైరస్‌ను తొలగించగలిగింది. 143 మందితో జరిపిన తరువాతి పరీక్ష 2016లో వెలువడి, కొంత తగ్గిన ఫలితంతో అదే దిశను సమర్థించింది. రోమ్‌లో ఆండ్రియా ఫ్రుస్తాచీ అందుకు ఎదురు కొసన పనిచేశాడు. బయాప్సీలో వైరస్ లేదని రూఢి చేసుకున్న 85 మంది రోగులను మాత్రమే ఎంచుకుని, వారిలో సగం మందికి శోథాన్ని అణచే మందులు ఇచ్చినప్పుడు, 2009లో ప్రచురితమైన ఆ పరీక్షలో మందు తీసుకున్నవారిలో అత్యధికుల గుండెలు మెరుగుపడ్డాయి. 1995లో ఒకే గంపలో పడినవారిని విడదీయగానే అదే తరహా మందు ప్రయోజనం చూపింది.

కొవిడ్ సంవత్సరాలు ఈ శాస్త్రాన్ని సామాన్య సంభాషణలోకి లాగాయి. 2021లో ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు తీసుకున్న యువకులలో అరుదుగా, ప్రధానంగా రెండవ మోతాదు తరువాత కొద్దిరోజులకు, మయోకార్డైటిస్ కనబడింది. అధికభాగం తేలికగానే కోలుకున్నారు. జనాభా మొత్తం మీద కొవిడ్ సోకడం వల్ల గుండెకు కలిగిన ప్రమాదమే ఎక్కువ. పురుషులలో, అందునా యువకులలో ఈ శోథం అధికమన్నది కొత్త సంగతి కాదు. మగ ఎలుకలు ఆడ ఎలుకల కంటే కాక్సాకీ వైరస్‌కు తీవ్రంగా గురవుతాయని శాలీ హ్యూబర్, దిలీసా ఫెయిర్‌వెదర్ వంటివారు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు.

ఇన్నాళ్లూ రోగనిరోధక కణాలను గుండెకు బయటి నుంచి వచ్చే సైన్యంగానే అందరూ భావించారు. 2014 ప్రాంతంలో వెలువడిన పరిశోధనలు, పిండదశలోనే గుండెలో స్థిరపడి తరతరాలుగా అక్కడే పెరిగే మాక్రోఫేజ్‌లు ఉన్నాయని తేల్చాయి. రోగకాలంలో రక్తం నుంచి వచ్చిపడే వాటి బంధువులు శోథాన్ని రగిలిస్తే, ఈ స్థానిక కణాలు ఎక్కువగా చనిపోయిన కణాల శిథిలాలను తొలగిస్తూ, గాయాన్ని సర్దుతూ ఉంటాయి. 2017లో మథియాస్ నారెన్‌డార్ఫ్ నాయకత్వంలోని బోస్టన్ బృందం ఈ స్థానిక మాక్రోఫేజ్‌లు హృదయంలో ఎక్కడ దట్టంగా ఉన్నాయో వెదికింది. పై గదులకూ కింది గదులకూ నడుమ, శోథాన్ని వెదకబోయి తవారా కనుగొన్న ఆ ముడిలోనే అవి గుమిగూడి ఉన్నాయి. కండర కణాలను సన్నని ద్వారాల గుండా తాకుతూ, వాటి విద్యుత్ స్పందనలో పాలుపంచుకుంటూ అవి అక్కడ కనిపించాయి. ఎలుకలలో ఆ మాక్రోఫేజ్‌లను తొలగించినప్పుడు, పై గదులలో పుట్టిన స్పందన ఆ ముడి దగ్గరే ఆగిపోయి కింది గదులకు చేరలేదు.